కూరలో పళ్ళేమిటి అంటున్న అత్తగారికి ఏం చెప్పాలి?

ప్రశ్న: మాది కావలి. ఇద్దరం ఉద్యోగాలు చేస్తాం. ఇంట్లో అత్తగారు, పదకొండేళ్ల పాప, ఆరేళ్ల బాబు. పండగ ఆఫర్లో ఓటీజీ, అంటే చిన్న కరెంటు ఓవెన్, కొన్నాం. నాలుగు కేకులు చేశాక అది మూలన పడింది. ఆదివారం రాత్రి పొయ్యి దగ్గర నిలబడే పని ఉండదు కదా అని, పళ్ళతో కలిపి కోడిని రోస్ట్ చేసే వంట ఒకటి వీడియోలో చూసి చేశాను. కర్రీ కట్ ముక్కలు, యాపిల్, పైనాపిల్, తొక్కతో కోసిన బత్తాయి చక్రాలు, తేనె అన్నీ ఒకేసారి ట్రేలో వేసి పెట్టేశాను. అడుగున నీళ్ళు, పైన మాడు, తింటే చేదు. బాబు ముట్టుకోలేదు. మా అత్తగారేమో 'కూరలో పళ్ళేమిటి, పళ్ళు పళ్ళుగా తినాలి, కోడి కోడిగా తినాలి' అన్నారు. ఆమె అన్నదే నిజమా? అందరూ అన్నంలో కలుపుకుని తినేటట్టు దీన్ని చేసే దారేమైనా ఉందా?

సమాధానం: మీ అత్తగారి మాట పూర్తిగా కొట్టేయలేం. తియ్యటి కూర మన నోటికి ఎక్కదు. అయితే కూరలో పళ్ళేమిటి అన్న ఆవిడ చేపల పులుసులో ఏం వేస్తారో ఒకసారి అడగండి. నెల్లూరు వైపు పులుసులో మామిడికాయ ముక్కలు పడాల్సిందే. రొయ్యల్లో మామిడికాయ వేస్తాం. మాంసంలో చింతచిగురు, కోడిలో గోంగూర వేస్తాం. అసలు చింతపండు కూడా పండే కదా. అంటే నీచుతో పండు కలపడం మనకు కొత్తేమీ కాదు. కాకపోతే మనం పండుని పులుపు కోసం వేస్తాం, ఆ వీడియోల వాళ్ళు తీపి కోసం వేస్తారు. మీ వంట తేడా కొట్టింది అక్కడే. తేనె సీసా పక్కన పెట్టేయండి. పండుని చింతపండు స్థానంలో ఊహించుకోండి. అప్పుడు ఏ పండు వేయాలి, ఎంత వేయాలి, ఎప్పుడు వేయాలి అన్నీ మీకే తడతాయి.

ముందు నీళ్ళ సంగతి. రోస్ట్ అంటే పొడి వేడి. ట్రేలో నీరు చేరితే ముక్క కాలదు, ఉడుకుతుంది. షాపువాడు కర్రీ కట్ కొట్టిచ్చిన చిన్న ముక్కలు ఇరుకుగా సర్దితే వాటి నీరే అడుగున నిలుస్తుంది. దాని మీద పైనాపిల్, యాపిల్ నీరు కూడా కలిసింది. ఇక తేనె. అది ఓటీజీలో పైన ఉండే రాడ్డు వేడికి పావుగంటలో నల్లబడుతుంది. కింద ఉడుకు, పైన మాడు అలా వచ్చాయి. చేదు మాత్రం బత్తాయిది. దాని తొక్క కింద ఉండే తెల్లటి దూదిలాంటి పొరలోనూ గింజల్లోనూ చేదు ఉంటుంది. ముప్పావుగంట వేడిలో ఉంచితే ఆ చేదంతా రసంలోకి దిగుతుంది.

కాబట్టి ఈసారి షాపులో కర్రీ కట్ అడక్కండి. తొడతో కలిసిన ఫుల్ లెగ్ పీసులు ఒక కిలో, స్కిన్‌తో కావాలని చెప్పండి. మన దగ్గర అడక్కపోతే తోలు తీసేసే ఇస్తారు, అందుకే ముందే చెప్పాలి. తోలు ఉంటే దాని కొవ్వు కరిగి ముక్కను తడిగా ఉంచుతుంది, పైన కరకరలాడుతుంది. తోలు తినే అలవాటు లేకపోతే కంచంలో తీసి పక్కన పెట్టొచ్చు, దాని పని అప్పటికే అయిపోయి ఉంటుంది. స్కిన్‌లెస్ తప్ప దొరక్కపోతే నూనె కాస్త ఎక్కువ రాయండి, మధ్యలో ఇంకోసారి పూయండి. బ్రెస్ట్ ముక్కలు మాత్రం దీనికి వద్దు. కాలు ఉడికేసరికి అవి పీచు పీచుగా ఎండిపోతాయి. మొత్తం కోడిని నిలువునా పెట్టాలన్న సరదా ఉంటే అది పెద్ద ఓవెన్ ఉన్నవాళ్ళకి వదిలేయండి. చిన్న ఓటీజీలో కోడి వీపు పైరాడ్డుకు తగిలేటట్టు ఉంటుంది. లోపల పచ్చిగా ఉండగానే పైన బొగ్గవుతుంది.

కడగడం దగ్గర నా మాట చాలామందికి నచ్చదని తెలుసు. పచ్చి కోడిని కుళాయి కింద పెట్టి కడిగితే ఆ తుంపర్లు సింకు చుట్టూ, పక్కన ఆరబెట్టిన గిన్నెల మీద పడతాయి. క్రిములు ముక్క మీద నుంచి పోవు, వంటగదంతా పాకుతాయి. వాటిని చంపేది ఓవెన్ వేడే. ఉప్పూ పసుపూ వేసి కడగందే మనసొప్పదు అంటారా, గిన్నెలో నీళ్ళు పోసి నెమ్మదిగా కడిగి, తర్వాత సింకును సబ్బుతో తోమేయండి. ఎలా కడిగినా కడక్కపోయినా, ముక్కల్ని పొడి బట్టతో గానీ టిష్యూతో గానీ బాగా అద్దాలి. తోలు మీద తడి ఉంటే రంగు రాదు.

ముక్కలకు ఎముక దాకా రెండు మూడు గాట్లు పెట్టండి. కిలోకి రెండు టీస్పూన్ల ఉప్పు, అర టీస్పూను పసుపు, టీస్పూనున్నర కారం, దంచిన మిరియాలు ఒక టీస్పూను, ధనియాల పొడి రెండు టీస్పూన్లు, అల్లం వెల్లుల్లి ఒక టేబుల్ స్పూను, నూనె రెండు టేబుల్ స్పూన్లు. పెరుగు వద్దు, నిమ్మరసం కూడా ఇప్పుడు వద్దు. పులుపు పండు ఇస్తుంది. ఇవి గాట్లలోకి పట్టించి, వీలైతే పొద్దున్నే ఫ్రిజ్‌లో మూత పెట్టి ఉంచండి. ఉప్పు లోపలికి దిగడానికి కొన్ని గంటలు కావాలి. సాయంత్రం ఇంటికొచ్చి పట్టించి అరగంట ఆగినా తినలేనట్టేమీ ఉండదు.

మీ బాబు సంగతికి చిన్న ఉపాయం. కారం కలపకముందే రెండు ముక్కలు తీసి పక్కన పెట్టండి. వాటికి మిరియాలు చిటికెడు, కారం సున్నా. ట్రేలో ఒక మూల అవి, మిగతా చోట మీవి. ఒకే వంట, ఒకే ఓవెన్, రెండు రుచులు.

ఇక పళ్ళు. బత్తాయిని వదులుకోవద్దు, వాడే తీరు మార్చండి చాలు. రెండు కాయలు తీసుకుని ఒకదాని తొక్కనూ తెల్లపొరనూ కత్తితో పూర్తిగా చెక్కేసి, గింజలు తీసి తొనలు వేరు చేయండి. ఇంకోదాన్ని రసం పిండి పక్కన పెట్టండి. తొనలు ఆఖరి పదిహేను నిమిషాల్లో ట్రేలోకి, రసం ఓవెన్ నుంచి దించాక. బత్తాయి తియ్యగా ఉంటే పులుపు చాలదు, దానికి నిమ్మకాయ తోడివ్వాలి. గూడూరు, పొదలకూరు నిమ్మకాయల మార్కెట్లు ఉన్న ప్రాంతం మనది, ఆ విషయంలో లోటు లేదు.

నన్నడిగితే బత్తాయి కన్నా దోరమామిడి మేలు. బాగా పుల్లటి పచ్చికాయ కాదు, మెత్తబడ్డ పండూ కాదు. కోస్తే లోపల లేత పసుపు రంగు తిరిగి, నొక్కితే ఇంకా గట్టిగా ఉండాలి. వేసవిలో ఉలవపాడు దగ్గర హైవే పక్కన బుట్టలు పెట్టుకుని అమ్మేవాళ్ళ దగ్గర ఒక్కో కాయా చేతిలోకి తీసుకుని చూస్తే అలాంటివి దొరుకుతాయి. వేలెడు మందాన తొక్కతోనే ముక్కలు కోసి ఆఖరి ఇరవై నిమిషాలకు వేస్తే అంచులు కాలి, లోపల గుజ్జవుతుంది. కారానికీ దానికీ మన నోటికి తెలిసిన పొత్తే. మీ అత్తగారిని ఒప్పించాలంటే మొదట దీనితోనే మొదలుపెట్టండి. బత్తాయి దాకా తర్వాత రావచ్చు.

ద్రాక్ష కూడా మంచిదే. గింజల్లేని పచ్చద్రాక్ష, కాస్త పులుపు మిగిలినది, గుత్తి నుంచి వలిచి గుప్పెడు. వేడికి అవి ముడతలు పడి, కొన్ని పగిలి రసం వదులుతాయి. పిల్లలు ఏరుకుని తింటారు. చలికాలంలో జామకాయ. పండు కాదు, దోరకాయ. గింజలున్న మధ్యభాగం తీసేసి వేయండి. యాపిల్ మాత్రం మన బజారులో దొరికే ఎర్రటి తియ్యటిది ఇందులో ఏ ఉపయోగమూ లేనిది. పులుపు ఉండదు, మెత్తబడి ఎటూ కాకుండా పోతుంది. ఎవరినైనా పరామర్శించడానికి వచ్చినవాళ్ళు తెచ్చిన యాపిల్స్ ఖర్చు పెట్టడానికి ఈ వంట మొదలుపెట్టేవాళ్ళే ఎక్కువ. దానికి వేరే దారి చూసుకోండి. సపోటా, అరటిపండు, సీతాఫలం గురించి ఆలోచించనే వద్దు.

పైనాపిల్ సంగతి కొంచెం చెప్పాలి. వేడి తగలని పైనాపిల్‌లో మాంసాన్ని కరిగించే ఎంజైమ్ ఉంటుంది, బ్రొమెలైన్ అంటారు. ముదురు మాంసం మెత్తబడాలని పచ్చి బొప్పాయి రుద్దుతారు కదా, అందులో పపైన్ చేసే పని కూడా ఇదే. బ్రాయిలర్ కోడి అసలే లేత. పైనాపిల్ రసంలో గంటల తరబడి నానబెడితే పైభాగం పిండిలా అయిపోతుంది, నోట్లో ముక్క తిన్నట్టే ఉండదు. వేడి తగిలితే ఆ ఎంజైమ్ పని ఆగిపోతుంది కాబట్టి, ముక్కల్ని పెనం మీద రెండు వైపులా కాల్చి నీరు ఇగిరాక ట్రేలో వేస్తే ఇబ్బంది లేదు. డబ్బా పైనాపిల్‌కు ఈ గొడవ లేదు, అది ముందే వేడి చూసి వచ్చింది. కాకపోతే చక్కెర పాకం కడిగేయాలి.

ఒక్కసారికి ఒక్క పండే వేయండి. మూడు కలిపితే ఏదీ తెలియదు. కిలో కోడికి కోసిన ముక్కలు ఒక కప్పు మించకూడదు.

ట్రే గురించి ఒక మాట. ఓటీజీతో వచ్చే అల్యూమినియం ట్రేలో పులుపు ఎక్కువసేపు ఉంటే లోహపు వాసన వస్తుంది, రసం కూడా మసకబారుతుంది. వెడల్పాటి స్టీలు పళ్ళెం, పింగాణీ పూత ఉన్న ట్రే, లేదా ఓవెన్‌లో పెట్టే గాజు గిన్నె వాడండి. గాజుదైతే వేడిగా ఉన్నప్పుడు ఫ్రిజ్‌లోంచి తీసిన రసం పోయొద్దు, పగులుతుంది. అంచు రెండంగుళాలు మించని లోతు చాలు. లోతు గిన్నె అయితే ఆవిరి లోపలే తిరిగి మళ్ళీ ఉడుకే.

ఓటీజీని రెండు రాడ్లూ వేసి 200 డిగ్రీల దగ్గర పది నిమిషాలు ముందే వేడెక్కనివ్వండి. ట్రేలో అడుగున రెండు పెద్ద ఉల్లిపాయలు నాలుగేసి చెక్కలుగా, పొట్టుతోనే పది వెల్లుల్లి రెబ్బలు, బాబు మూల వదిలి చీల్చిన పచ్చిమిర్చి, రెండు రెమ్మల కరివేపాకు పరిచి, వాటి మీద ముక్కల్ని తోలు పైకి ఉండేటట్టు, ఒకదానికొకటి తగలకుండా పెట్టండి. కరివేపాకు ముక్కల కిందే ఉండాలి, పైన ఉంటే మాడి రాలుతుంది. మధ్య అరలో పెట్టి అరగంట మర్చిపోండి. ఆ అరగంటలో అన్నం అయిపోతుంది, చారు కాగుతుంది, పాప హోంవర్కు చూడొచ్చు. అరగంటకు ట్రే బయటకు తీసి, ఖాళీల్లో పండు ముక్కలు వేసి, అడుగున కరిగిన కొవ్వు స్పూనుతో ముక్కల మీద పోసి మళ్ళీ పెట్టండి. ఇంకో పదిహేను, ఇరవై నిమిషాలు. చివర అయిదు నిమిషాలు పైరాడ్డు ఒక్కటే ఉంచి, పక్కనే నిలబడండి. ఓవెన్ దగ్గర మీరు నిలబడాల్సిన సమయం అదొక్కటే.

ఉడికిందో లేదో ఎముక పక్కన మందంగా ఉన్న చోట కత్తి గుచ్చి చూడండి. వచ్చే రసం తేటగా ఉండాలి, గులాబీ రంగు ఉండకూడదు. ఈమధ్య వంట థర్మామీటర్లు తక్కువ ధరకే దొరుకుతున్నాయి. కోడికి కనీసం 74 డిగ్రీలు రావాలి. తొడ ముక్క 80 దాటితే ఇంకా బాగుంటుంది, ఎముక నుంచి చక్కగా విడుస్తుంది. పూర్తిగా ఉడికాక కూడా ఎముక అంచున ఎర్రగా కనిపిస్తే కంగారు పడకండి. లేత కోళ్ళలో ఎముక మూలుగ రంగు అలా బయటకు వస్తుంది. మధ్యలో కరెంటు పోతే తలుపు తెరవకండి, లోపలి వేడి కొంతసేపు నిలుస్తుంది. ఇన్వర్టర్ మీద ఓటీజీ వేసే ప్రయత్నం అసలు చేయొద్దు, అది ఆ భారం మోయలేదు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, అన్నంలోకి ఏమిటి అన్నది. వీడియోల్లో రోస్టు పక్కన రొట్టె పెట్టుకుంటారు, ట్రే అడుగున ఏముందో ఎవరూ పట్టించుకోరు. మనకు కావాల్సిందంతా అక్కడే ఉంది. ముక్కల్ని, బాగున్న పండు ముక్కల్ని పళ్ళెంలోకి తీసి పది నిమిషాలు కదపకుండా ఉంచండి. ఆ పది నిమిషాల్లో ట్రేలో మిగిలిన ఉల్లిపాయ, వెల్లుల్లి, రసం అంతా బాణలిలోకి వంచండి. పైన తేలే నూనె మరీ ఎక్కువగా ఉంటే కొంచెం తీసేయండి, అంతా తీసేస్తే రుచి పోతుంది. ట్రేకు అంటుకున్న గోధుమరంగు మరకలున్నాయే, వాటి మీద పావు కప్పు వేడినీళ్ళు పోసి గరిటెతో గీకి అదీ బాణలిలో వేయండి. వదిలేస్తే సగం రుచి గిన్నెలు తోమే సింకులోకి పోయినట్టే. వెల్లుల్లి పొట్టు ఒత్తితే లోపలి గుజ్జు వెన్నలా జారుతుంది. ఉల్లిపాయల్ని గరిటెతో నలిపి, పక్కన పెట్టిన బత్తాయి రసం పోసి, పెద్ద మంట మీద నాలుగైదు నిమిషాలు ఇగరనివ్వండి. మామిడి వేసి ఉంటే రసం బదులు రెండు మూడు మామిడి ముక్కలు ఇందులో నలిపేయండి. చిక్కబడ్డాక ఉప్పు, పులుపు చూసి, దించి అర చెక్క నిమ్మకాయ పిండండి. అది వేడి అన్నంలో కలుపుకోవడానికి నలుగురికీ సరిపడా వస్తుంది, పొడిపొడిగా వండిన అన్నమైతే ఇంకా బాగా పడుతుంది. అది చూస్తే మీ అత్తగారు కూడా ఇగురు అనే అంటారు.

బాబు ముక్కల కింద ఉల్లిపాయలు కారం లేకుండా ఉంటాయి కాబట్టి ఆ మూలది ముందే విడిగా తీసి వాడి అన్నంలోకి నలిపి పెట్టండి.

ఇంట్లో ఓవెన్ లేని వాళ్ళు అడుగుతారు కాబట్టి రెండు ముక్కల్లో చెప్తాను. మందపాటి ఇనుప బాణలి బాగా కాగనిచ్చి, ముక్కల్ని తోలు కిందకు పెట్టి పది నిమిషాలు కదపకుండా ఎర్రగా కాల్చి, తిరగేసి, సన్నని సెగ మీద మూత కొంచెం తెరిచి ఉంచి అరగంట. పులుపు పండ్లను మాత్రం ఇనుములో ఎక్కువసేపు ఉంచొద్దు, వేరే గిన్నెలో రసం చేసి కలుపుకోండి. ఓవెన్ ఉన్నవాళ్ళు కూడా రోహిణి కార్తెలో ఇలాగే చేసుకోవడం మంచిది. ఆ ఎండల్లో వంటగదిలో గంటసేపు 200 డిగ్రీలు పెట్టడం అంటే మనల్ని మనమే రోస్ట్ చేసుకోవడం. మీది కన్వెక్షన్ మైక్రోవేవ్ అయితే కన్వెక్షన్ మోడ్‌లో పెట్టారో లేదో చూసుకోండి. ఉత్త మైక్రోవేవ్ మోడ్‌లో తోలు రబ్బరులా అవుతుంది, ఎంతసేపున్నా రంగు రాదు.

రాత్రి ఎనిమిదింటికి కంచాలు పెట్టాలంటే ఆరున్నరకు ముక్కలు ఫ్రిజ్‌లోంచి తీసి బయట ఉంచండి, ఏడు కాకముందే ట్రే లోపలికి వెళ్ళాలి. పట్టించే పని ఉదయమే అయిపోతే సాయంత్రం మీ చేతికి తగిలేది ఉల్లిపాయలు కోయడం, పండు కోయడం, చివర ఆ అయిదు నిమిషాల బాణలి పని. వారం రోజులు ఆఫీసు టెన్షన్ తర్వాత అంతకన్నా తక్కువ పనితో చికెన్ కావాలంటే బిర్యానీ ఆర్డర్ పెట్టుకోవాల్సిందే.

మిగిలితే రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టేయండి. బత్తాయి తొనలు వేసి ఉంటే వాటిని అప్పుడే ఏరి పారేయండి, తెల్లారేసరికి చేదు మళ్ళీ మొదలవుతుంది. మామిడి, ద్రాక్ష ఉన్నా ఫర్వాలేదు. సోమవారం ఉదయం ఎముకల నుంచి చికెన్ పీకి, ఉల్లిపాయా కరివేపాకూ వేయించిన నూనెలో వేసి, బాగా వేడెక్కేదాకా తిప్పితే పాప క్యారేజీకి చపాతీలోకి సరిపోతుంది.